2596వ గ్రహశకలం: వైను బప్పు

అంగారక, గురు గ్రహాల కక్ష్యల మధ్య లక్షలాది రాతి ముద్దలు సూర్యుని చుట్టూ తిరుగుతున్నాయి. వీటిని గ్రహశకలాలు అంటారు. వాటిలో 2596వ సంఖ్య గలదాని పేరు వైను బప్పు. మన బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వ్యవస్థాపకుని పేరది. అది ఆకాశానికి ఎలా చేరిందో ఈ పూట చెప్పుకుందాం.

బప్పు 1927లో మద్రాసులో జన్మించారు. పెరిగింది మాత్రం హైదరాబాదులో. తండ్రిగారు నిజామియా వేధశాలలో ఉద్యోగి కావడంతో, ఆయనకు టెలిస్కోపు చిన్ననాటి నేస్తమైంది. నిజాం కళాశాలలో చదువు ముగించి అమెరికాలోని హార్వర్డుకు వెళ్లారు. 1949లో అక్కడ తాను తీసిన ఫొటో ప్లేటు మీద ఒక కొత్త తోకచుక్కను గుర్తించారు. దానికి బప్పు, బాక్, న్యూకిర్క్ అనే ముగ్గురి పేర్లూ కలిపి పెట్టారు.

తోకచుక్కకు, గ్రహశకలానికి నామకరణంలో ఒక తేడా ఉంది. తోకచుక్కకు సాధారణంగా కనుగొన్నవారి పేరే వస్తుంది. గ్రహశకలం విషయంలో అలా కుదరదు. ముందు దాని కక్ష్యను కచ్చితంగా లెక్కగట్టాలి. ఆ తరువాతే దానికి సంఖ్య ఇస్తారు. అప్పుడు కనుగొన్నవారు ఒక పేరు సూచించవచ్చు గాని, తన పేరు తాను పెట్టుకోరాదు. ఆ పేరును అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆమోదించాలి. అంటే, తోకచుక్క పేరు మనం సంపాదించుకునేది; గ్రహశకలం పేరు ఇతరులు మనకిచ్చేది.

బప్పుకు ఈ రెండూ దక్కాయి. 1971లో ఆయన బెంగళూరు సంస్థకు రూపమిచ్చారు. తమిళనాడులో జవ్వాది కొండల నడుమ కావలూరులో వేధశాలను నెలకొల్పారు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షులయ్యారు. ఆ ఏడాది మే నెలలోనే, దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో, లా సిల్లా వేధశాల నుంచి రిచర్డ్ వెస్ట్ ఒక గ్రహశకలాన్ని కనుగొన్నారు. దానికే బప్పు పేరు పెట్టారు.

1982 ఆగస్టులో ఆ సంఘం మహాసభ గ్రీసు దేశంలోని పాట్రాస్‌లో జరుగుతుండగా, దాని అధ్యక్షుడైన బప్పు జర్మనీలోని మ్యూనిక్‌లో కన్నుమూశారు. ఆయన తలపెట్టిన 2.34 మీటర్ల టెలిస్కోపును ఆయన చూడలేకపోయారు. 1986లో ఆ టెలిస్కోపుకూ, కావలూరు వేధశాలకూ ఆయన పేరే పెట్టారు.

అయితే కథ అక్కడితో ఆగలేదు. మద్రాసు వేధశాలలో పనిచేసిన నార్మన్ పోగ్సన్ 1885లో ఒక గ్రహశకలాన్ని కనుగొన్నారు. ఆ తరువాత వందేళ్లు దాటినా మన దేశం నుంచి మరొకటి బయటపడలేదు. 1988 ఫిబ్రవరిలో కావలూరు నుంచి ఆర్. రాజమోహన్ ఆ లోటు తీర్చారు. 4130వ సంఖ్య గల ఆ శకలానికి గణితవేత్త రామానుజన్ పేరు పెట్టారు. ఎక్కడో చిలీలో ఒకరు బప్పుకు పేరిచ్చారు. బప్పు కట్టిన వేధశాల మరొకరికి పేరివ్వగలిగింది.

పిల్లలకు ఈ సంగతి చెప్పండి. ఆ శకలం మన కంటికి కనబడదు. కావలూరు మాత్రం మనకు దగ్గరే.