ఆఫీసు కాపీ లేని నంబర్లు

మన సర్వీసులో బయటికి వెళ్ళే ప్రతి ఉత్తరానికీ ఫైలులో ఆఫీసు కాపీ ఉంచేవాళ్ళం. ఫోన్ నంబర్ల విషయంలో ఆ అలవాటు ఎలా తప్పిందో, కొత్త సెల్‌ఫోన్ కొనే సభ్యులకు పనికివస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను కాకినాడలో గుమాస్తాగా చేరిన 1970లలో నంబరంటే కాగితం మీద ఉండేదే. ఆఫీసుకొక టెలిఫోన్ డైరెక్టరీ, టేబుల్ అద్దం కింద చిన్న జాబితా. రాజమండ్రి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి, ఆర్డినరీయా, అర్జెంటా, లైట్నింగా చెప్పి కూర్చోవాలి. ఎస్.టి.డి. దేశంలో 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైనా, మన వీధుల్లో పసుపు బోర్డుల బూత్‌లు వెలసింది 1980ల చివర, ఆ తరువాతా. రాజమండ్రికి 0883, కాకినాడకు 0884, అమలాపురానికి 08856, ఏలూరుకు 08812 అని అందరికీ నోటికి వచ్చేవి.

1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు కోనసీమలో కొబ్బరిచెట్లతోపాటు స్తంభాలూ, తీగలూ కూలిపోయాయి. అప్పుడు నంబరు జేబులోని పుస్తకంలో ఉంది, లైను లేదు. ఈనాడు లైను ఉంటుంది, ఫోన్ పోతే నంబరే ఉండదు.

సెల్‌ఫోన్ మాట దేశంలో 1995 జూలై 31న, జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని సుఖ్‌రామ్‌తో మాట్లాడడంతో మొదలైంది. తొలినాళ్ళలో పేర్లన్నీ సిమ్‌కార్డులోనే ఉండేవి. సాధారణంగా 250 పేర్లు పట్టేవి, పేరు పొడుగైతే తోక తెగేది. సిమ్ తీసి మరో ఫోన్‌లో వేస్తే పేర్లూ వెంట వచ్చేవి. తరువాత పేర్లు ఫోన్ లోపలికి చేరాయి. 2005లో గోరంత మైక్రో ఎస్.డి. కార్డు వచ్చింది. ఆపైన గూగుల్ ఖాతా. ఇలా నంబర్లు నాలుగుచోట్ల చెదిరిపోయాయి.

2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మారకుండా కంపెనీ మారే సౌకర్యం వచ్చింది. అయితే కొత్త సిమ్‌లోకి మన నంబరు వస్తుంది గాని, పాత సిమ్‌లో దాచిన పేర్లు రావు. సిమ్ పోయి డూప్లికేట్ తీసుకున్నా అంతే.

కనుక పాత ఫోన్ పనిచేస్తుండగానే సిమ్‌లోని పేర్లను ఫోన్‌లోకి తెచ్చుకోండి. కాంటాక్ట్స్‌లో ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కితే అన్నీ వి.సి.ఎఫ్. అనే ఒకే ఫైలవుతాయి. దాన్ని కార్డు మీద ఉంచి, కొత్త ఫోన్‌లో ‘ఇంపోర్ట్’ చేయాలి. గూగుల్ ఖాతాలో పేర్లు దాచుకున్నవారు కొత్త ఫోన్‌లో అదే ఖాతా తెరిస్తే చాలు.

కార్డు కొనే ముందు కొత్త ఫోన్‌లో దానికి చోటుందో లేదో చూడండి. ఇప్పుడు చాలా ఫోన్లలో లేదు. ఎంత పెద్ద కార్డు పడుతుందో ఫోన్ వివరాల్లో ఉంటుంది. ఫోటోలకూ, మనవల వీడియోలకూ 10 అంకె ఉన్న కార్డు సరిపోతుంది. అది సెకనుకు కనీసం 10 మెగాబైట్ల వేగానికి గుర్తు. నంబర్ల కోసమే అయితే పెద్ద కార్డు అక్కరలేదు. వెయ్యి పేర్లు కలిసినా ఒక్క ఫోటో అంత చోటు పట్టవు. మరీ చవకగా వందల జి.బి. ఇస్తామంటే అనుమానించండి, పైన రాసినంత లోపల లేని నకిలీ కార్డులున్నాయి. బిల్లు తీసుకోండి. కార్డును ‘ఇంటర్నల్’గా మార్చమని ఫోన్ అడిగితే వద్దనండి; అలా మార్చిన కార్డును మరో ఫోన్ చదవలేదు.

కార్డు కూడా శాశ్వతం కాదు. మనం కాలం చేసిన రోజున మన ఫోన్ తాళం ఇంట్లో ఆవిడకు తెలియకపోవచ్చు. కుటుంబ పెన్షన్‌కు ఆమె ఎవరిని పిలవాలి? పి.పి.ఓ. నంబరు, సబ్ ట్రెజరీ, బ్యాంకు, సంఘం కార్యదర్శి, ఇద్దరు పాత సహోద్యోగుల నంబర్లు ఒక నోటుపుస్తకం మొదటి పేజీలో సిరాతో రాసి, ఆమెకు చూపించి బీరువాలో పెట్టండి. రహస్య పిన్ మాత్రం అందులో రాయకండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే వేళ ఆ పేజీని ఒకసారి సరిచూడండి.