పుట్టింటి నుంచి రాని పెట్టె

ఫిన్లాండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలను మొదటి కాన్పు వేళ తికమకపెట్టేది ఒక అట్టపెట్టె. బిడ్డ భూమ్మీద పడకముందే ప్రభుత్వం తరఫున ఇంటికి చేరే ఆ పెట్టెలో చలిదుస్తులు, టోపీ, మేజోళ్లు, పక్కబట్టలు ఉంటాయి. అడుగున దానికి సరిపోయే చిన్న పరుపు కూడా ఉంటుంది కనుక, బట్టలు తీసేశాక ఆ పెట్టెనే తొలి నెలల్లో పసిబిడ్డకు పడకగా వాడుకోవచ్చు. పుట్టబోయే బిడ్డకు ముందుగా కొత్తబట్టలు కొనకూడదని, పురిటిలో మెత్తని పాతగుడ్డలే చుట్టాలని పట్టింపు ఉన్న ఇళ్లవారికి ఆ పెట్టెను విప్పాలో, కాన్పయ్యేదాకా మూలన ఉంచాలో తోచకపోవడం సహజమే. అయితే అది ముందుగా రావడంలోనే ఆ దేశం గడచిన నూరేళ్లలో నడిచిన దారి అంతా ఇమిడి ఉంది.

రష్యా సామ్రాజ్యం నుంచి 1917లో విడిపోయిన ఫిన్లాండ్, మరుసటి ఏడే శ్వేతులు, అరుణులు అనే రెండు పక్షాలుగా చీలి తనలో తాను పోరాడింది. భూస్వాములు, సంపన్నులు ఎక్కువగా శ్వేతుల వైపు, కార్మికులు, కౌలుదారులు ఎక్కువగా అరుణుల వైపు నిలిచిన ఆ కొద్ది నెలల యుద్ధంలోనూ, దాని వెన్నంటి వచ్చిన ఖైదీల శిబిరాల్లో ఆకలితో, రోగాలతోనూ కలిపి మొత్తం 36,000 మందికి పైగా మరణించారు. గెలిచినవారి పిల్లలూ ఓడినవారి పిల్లలూ ఒకే ఊళ్లో పెరగవలసిన ఆ దేశంలో శిశువుల సంగతి పట్టించుకున్నవారిలో ఆర్వో యుల్ప్యో అనే వైద్యుడు ముఖ్యుడు. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల గురించి బెర్లిన్‌లో ఈయన పరిశోధించి వచ్చాడు. ఆయన చొరవతోనే 1922లో హెల్సింకిలో తొలి ‘నెవోలా’ వెలసింది. నెవోలా అంటే సలహా దొరికే చోటు. రోగం వచ్చాక వెళ్లే ఆసుపత్రి కాదు, గర్భిణులూ తల్లులూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే వెళ్లి బరువు చూపించుకుని, సందేహాలు తీర్చుకుని వచ్చే కేంద్రం.

అట్టపెట్టె కథ ఈ నెవోలాతోనే ముడిపడింది. వెయ్యిమంది శిశువుల్లో 65 మంది ఏడాది నిండకుండానే చనిపోతున్న 1938లో, పేద తల్లులకు ప్రసూతి సాయం అందించే చట్టం అమలులోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నూలు సైన్యానికి అవసరమైనందున కొన్ని పక్కబట్టలను కాగితంతో చేసి పంపారే కాని, సాయాన్ని మాత్రం ఆపలేదు. నెవోలాలు నడపడం స్థానిక పాలక సంస్థల విధి అని 1944లో చట్టం వచ్చింది. 1949లో ఆదాయ పరిమితి తొలగించి, పెట్టెను ప్రతి తల్లికీ హక్కుగా చేస్తూ, గర్భం దాల్చిన నాలుగు నెలల్లోపు వైద్యపరీక్ష చేయించుకోవాలని ఒకే ఒక్క నియమం పెట్టారు. అసలు కిటుకు ఆ నియమంలోనే ఉంది. బట్టల కోసం వచ్చిన స్త్రీ రక్తపరీక్ష చేయించుకుని వెళ్లింది. ఈనాడు అక్కడ వెయ్యికి ఇద్దరు శిశువులు మాత్రమే మరణిస్తున్నారంటే, దానికి కారణం పెట్టెకన్నా ఎక్కువగా ఆ పెట్టె తెరిపించిన నెవోలా తలుపే.

తెలుగువారి కంటికి ఇది పుట్టిల్లు చేసే పనిని దేశం నెత్తికెత్తుకున్నట్టు కనిపిస్తుంది. సీమంతం చేసి, ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో కూతురిని తెచ్చుకుని, పురుడు పోసి, పథ్యం పెట్టి, చీరా సారెతో మనవడిని సాగనంపే ఆచారం కూడా ఒక సామాజిక భద్రతే. అయితే ఆ భద్రత పుట్టింటివారి కలిమిని బట్టి ఉంటుంది; వారి మనసును బట్టి కూడా ఉంటుంది. అమ్మానాన్నలు లేని పిల్లకు, కులం కాదని పెళ్లాడినందుకు పుట్టింటి గడప దూరమైన పిల్లకు ఆ సారె రాదు. ఫిన్లాండ్ పెట్టె తండ్రి పేరు అడగదు, దత్తత తీసుకున్నవారికి కూడా అందుతుంది. 2017లో తెలంగాణలో మొదలైన కేసీఆర్ కిట్, వైద్యపరీక్షలకు ముడిపెట్టి విడతలుగా ఇచ్చిన నగదు ఇదే దారిలో వేసిన మంచి అడుగు. కాకపోతే అది ప్రభుత్వాసుపత్రిలో పురుడు పోసుకున్నవారికి పరిమితమైంది. సంపన్నురాలూ కూలిమనిషీ ఒకే రకం దుప్పటిని బిడ్డకు కప్పడంలో ఉన్న సమానత్వం విలువ, శ్వేతుల, అరుణుల మనవలు ఒకే బడిలో కూర్చున్న దేశానికి బాగా తెలుసు.

ఇంత చేసినా పెట్టెకు చేతులు లేవు. కాళ్లు చాపుకుని బిడ్డను వాటిపై బోర్లా పడుకోబెట్టి నీళ్లు పోసే చేయి, సొంఠిపొడి కలిపి బాలింతకు తొలిముద్ద పెట్టే చేయి ఏ చట్టం కిందా రావు. నెవోలా నర్సు ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనూ చూసి వెళ్తుంది, ఓపికగా అన్నీ చెబుతుంది. తలుపు మూసుకున్నాక మధ్యాహ్నం మూడింటికే చీకటిపడే డిసెంబరు మిగులుతుంది. తొంభై రోజుల వీసా మీద, సూట్‌కేసులో కాయం సీసా, పాత నూలుచీరలతో కుట్టిన బొంత పెట్టుకుని వచ్చే అమ్మమ్మ ఆ లోటును కొంత తీరుస్తుంది. సర్కారు పరుపు మీద ఆ బొంత పరుస్తుంది. మంచులో పిల్లబండిని ఆరుబయట ఉంచి పసివాళ్లను నిద్రపుచ్చే ఇరుగుపొరుగును చూసి మొదట గుండె బాదుకున్నా, వెళ్లేనాటికి అలవాటు పడుతుంది. అప్పటికి బిడ్డ కాళ్లు పెట్టె అంచును తాకుతుంటాయి.