డాక్టరుకీ ఇంటికీ నడుమ

1895లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆస్పత్రి మేరీ స్టీవర్ట్‌ను పనిలో పెట్టుకున్నది రోగుల మీద జాలితో కాదు. ఉచిత వైద్యానికి వచ్చేవాళ్లలో డబ్బు కట్టగలిగినవాళ్లెవరో ఆరా తీయడానికి. ఆ ఉద్యోగాన్ని ఆల్మనర్ అనేవారు. తీరా చూస్తే మోసగాళ్లు తక్కువ, మందుతో పాటు ఇంకేదో ఆసరా కావలసినవాళ్లే ఎక్కువ. కాపలాకు పెట్టిన మనిషే రానురాను రోగి తరఫు మనిషి అయింది. 1905లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో డాక్టర్ రిచర్డ్ కాబట్ ఇలాంటి సామాజిక కార్యకర్తనే నియమించాడు. మొదట్లో జీతం ఆయన జేబులోంచే వెళ్లేది.

అవసాన కాలపు సేవకు మూలాలు వెతికేవాళ్లు సాధారణంగా డాక్టర్ల దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఈ ఆల్మనర్ బల్ల దగ్గరే అసలు కథ మొదలైందనిపిస్తుంది. ఎందుకంటే ఆఖరి రోజుల రోగులకు ఆశ్రమం (హాస్పిస్) కట్టిన సిసిలీ సాండర్స్ కూడా అక్కణ్నుంచే వచ్చింది. ముందు నర్సు, నడుము నొప్పితో ఆ పని మానుకుని ఆల్మనర్, ఆ తర్వాతే డాక్టరు. 1948లో చనిపోయిన డేవిడ్ టాస్మా అనే పోలిష్ యూదు శరణార్థి, ఆమె కట్టబోయే ఆశ్రమానికి 500 పౌండ్లు రాసిపెట్టాడు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తలుపులు తెరిచింది. ఒంటి నొప్పి, మనోవేదన, ఇంటి చిక్కులు, చావు భయం అన్నీ కలిసి ఒకే బాధ అని ఆమె వాదన. అప్పు తీరలేదన్న దిగులుకు మార్ఫిన్ పనిచేయదు మరి.

అమెరికా దీన్ని చట్టంలోకి ఎక్కించింది. 1982లో మెడికేర్ అనే ప్రభుత్వ బీమా హాస్పిస్ ఖర్చు భరించడానికి ఒప్పుకుంది. జట్టులో డాక్టరు, నర్సుతో పాటు సామాజిక కార్యకర్త ఉండి తీరాలి. రోగి పోయాక కూడా ఇంటివాళ్ల దుఃఖంలో తోడుండాలి. అయితే ఆరు నెలలకు మించి బతకడని డాక్టర్లు రాసివ్వాలి. రోగం అలా తేదీ చూసుకుని నడవదు గనుక, ఇది లెక్కల గుమాస్తా గీసిన గీతలా కనిపిస్తుంది.

మన దేశంలో 1986లో బొంబాయిలో శాంతి అవేదన ఆశ్రమం వెలిసింది. సరిగ్గా అంతకు ముందటేడే వచ్చిన మత్తుమందుల చట్టం మార్ఫిన్‌ను లైసెన్సుల వెనక బంధించేసింది. ఆ ముడి కొంత సడలింది 2014 సవరణతోనే. మధ్యలో 1993లో కాలికట్‌లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ తదితరులు నొప్పి నివారణ సొసైటీ పెట్టారు. చికిత్సకు జనం వచ్చారుగానీ, మంచం దిగలేనివాళ్లు రాలేరు కదా! మలప్పురం ప్రాంతంలో జవాబు ఇరుగుపొరుగు నుంచే వచ్చింది. వారానికి రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్లకు శిక్షణ ఇచ్చి, తమ వాడలోని రోగుల్ని వాళ్లకే అప్పగించారు. పుండు కడగడం నర్సు నేర్పుతుంది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయని, పిల్లవాడు బడి మానేశాడని కనిపెట్టేది పక్కవీధి మనిషే. 2008లో కేరళ దీన్ని ప్రభుత్వ విధానంగా ప్రకటించింది, దేశంలోనే తొలిసారిగా.

తెలుగునాట దారి వేరు. ఇక్కడ పొరుగువాళ్లకన్నా ముందు ఆస్పత్రి కదిలింది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో డాక్టర్ గాయత్రి పాలత్ నడిపిన ఉపశమన సేవా విభాగం తర్వాతివాటికి బడి అయింది. తెలంగాణ జిల్లా కేంద్రాల నుంచి అదే సేవ అందించే ‘ఆలన’ బండ్లు ఇళ్లకు వెళ్తున్నాయి. ఇలాంటి సందర్శనలో సగం పని మందుల చీటీని ఇంటి భాషలోకి దించడమే. మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకొకటి, నొప్పి వచ్చేదాకా ఆగొద్దు, విరేచనం మాత్ర మానొద్దు. వినాల్సింది రోగి కాదు, రాత్రిళ్లు మేలుకునే కోడలు.

మన ఇళ్లలో డాక్టరుకీ ఇంటికీ నడుమ నిలిచే ఈ పని ఎన్నడూ ఖాళీగా లేదు. ఆస్పత్రిలో తెలిసినవాళ్లున్న తోడల్లుడో, నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చిన మేనకోడలో చేసేవారు. పిల్లలు అమెరికా వెళ్లాక అదే పని నెలవారీ ఫీజు మీద కంపెనీలు చేస్తున్నాయి. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. డబ్బిచ్చుకోలేని ఇంటి సంగతేమిటన్నదే పేచీ.

ఐసీయూ బయట “పేషెంటు తాలూకు ఎవరండీ?” అని పిలిస్తే నలుగురు లేచి నిలబడతారు. వెంటిలేటర్ విషయంలో నలుగురిదీ నాలుగు మాటలు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు తనకు ఎలాంటి చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే ముందస్తు వైద్య నిర్దేశాన్ని గుర్తించిందిగానీ, మేజిస్ట్రేటు సంతకం కావాలనడంతో దాదాపు ఎవరూ ఆ జోలికి పోలేదు. 2023 జనవరిలో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలన్నారు. తన తరఫున ఎవరు నిర్ణయించాలో అందులో పేరు రాయాలి. డాలస్ కొడుకా, కూకట్‌పల్లిలో పక్కనే ఉండి చూసుకునే కూతురా? ఒకరికన్నా ఎక్కువమంది పేర్లు రాసుకోవచ్చని కొత్త ఉత్తర్వు వెసులుబాటు ఇచ్చింది.