ఉబుంటు, మాటే, గుంజాల: ఒక పాత ల్యాప్‌టాప్ చెప్పిన చరిత్ర



పోయిన నెల విద్యానగర్‌లో మా రూంకు ఒక తమ్ముడు వచ్చిండు. ఉట్నూరు దిక్కు పిలగాడు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్, పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ, రాత్రి రూంల పాత ల్యాప్‌టాప్ మీద పీడీఎఫ్‌లు. స్కాలర్‌షిప్ పైసలతో సెకండ్‌హ్యాండ్‌ల కొన్న మెషీన్ అది, 4 జీబీ ర్యామ్. "అన్నా, విండోస్ 10కు అప్‌డేట్లు బందయినయట. 11 దీనికి ఎక్కదట. కొత్తది కొనుమంటున్నరు. లినక్స్ వేసుకుందామంటే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్తున్నరు. ఇన్ని రకాలు ఎందుకున్నయి? నేను ఏది వేసుకోవాలె?" అని అడిగిండు.

రెండో ప్రశ్నకు జవాబు ఒక్క లైన్‌లో చెప్పొచ్చు. కానీ మొదటి ప్రశ్న చాలా మంచిది. అది తెలిస్తే రెండోది ఎవరిని అడగకుండనే తేలిపోతది. అందుకే ఈ పొడుగు పోస్ట్.

1991 ఆగస్టు 25న లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల హెల్సింకి విద్యార్థి, తాను సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని ప్రకటించాడు. అది లినక్స్ కెర్నల్ అయింది. అంతకు ముందే, 1983లో, రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు మొదలుపెట్టి, సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చొచ్చు, పంచుకోవచ్చు అనే పద్ధతి తెచ్చాడు. ఈ రెండూ కలిశాయి. కెర్నల్ ఇంటికి పునాది లాంటిది. పునాది మీద గోడలు, కప్పు అన్నీ కట్టి, తాళంచెవి చేతికిచ్చేది డిస్ట్రిబ్యూషన్. ఇంట్లో వాకిలి ఎటు, అరుగు ఎటు, సామాను ఎక్కడ అనేది డెస్క్‌టాప్. ఒకే డిస్ట్రిబ్యూషన్‌కు వేర్వేరు డెస్క్‌టాప్‌లు పెట్టుకోవచ్చు. కొత్తవాళ్లు తికమక పడేది ఇక్కడే.

ఇప్పుడు అసలు కథ. 1996 అక్టోబర్‌లో జర్మనీ విద్యార్థి మథియాస్ ఎట్రిచ్ కేడీఈ మొదలుపెట్టాడు. అప్పటి యూనిక్స్ ప్రోగ్రాములు ఒక్కోటి ఒక్కో తీరుగా ఉండేవి, మామూలు మనిషికి అర్థమయ్యేవి కావు. అది ఆయన బాధ. కానీ కేడీఈ ఆధారపడ్డ క్యూటీ అనే సామాగ్రి లైసెన్స్ అప్పట్లో పూర్తి స్వేచ్ఛ ఇచ్చేది కాదు. మన ఇల్లు పరాయి పట్టా భూమిలో కట్టుకున్నట్టు అన్నమాట. పట్టా సంగతి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు కదా! అందుకే మెక్సికోకు చెందిన మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మెనా కలిసి గ్నోమ్‌ను ప్రకటించారు. తేదీ చూడండి: 1997 ఆగస్టు 15. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి సరిగ్గా 50 ఏళ్లు. ఈ ఒత్తిడి ఊరికే పోలేదు, 2000లో క్యూటీ కూడా జీపీఎల్ లైసెన్స్ కిందకు వచ్చింది. కేడీఈ, గ్నోమ్ రెండూ ఈరోజుకీ బతికే ఉన్నాయి.

2004 అక్టోబర్‌లో దక్షిణాఫ్రికాకు చెందిన మార్క్ షటిల్‌వర్త్ డెబియన్ ఆధారంగా ఉబుంటు తెచ్చాడు. కొన్నేళ్ల పాటు సీడీలు అడిగినవాళ్లకు ఉచితంగా పోస్టులో పంపారు. ఉబుంటు అనేది జులు, ఖోసా లాంటి ఆఫ్రికా భాషల మాట. మనుషులంతా ఒకరి వల్ల ఒకరు మనుషులవుతారనే భావం అందులో ఉంది. వాళ్ల ముసలోళ్లు చెప్పే మాట ప్రపంచమంతా కంప్యూటర్ పేరుగా తిరుగుతోంది.

2011లో పెద్ద గొడవ అయింది. ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చింది, పాత మెనూలు, కింద పట్టీ అన్నీ మారిపోయాయి. అదే నెల ఉబుంటు తన సొంత యూనిటీని ముందుకు తెచ్చింది. అలవాటైనవాళ్లు ఒప్పుకోలేదు. మామూలు కంపెనీ సరుకైతే తిట్టుకుంటూ వాడాల్సిందే. ఇక్కడ కోడ్ అందరిదీ. అర్జెంటీనాకు చెందిన ఒక వాడుకరి పాత గ్నోమ్ 2ను తీసుకుని కొనసాగించాడు, దానికి మాటే అని పేరు పెట్టారు. యెర్బా మాటే దక్షిణ అమెరికాలో కాచుకుని తాగే ఆకు. ఆ ఆకును మొదట వాడింది గ్వారనీ ఆదివాసులు. లినక్స్ మింట్ వాళ్లు గ్నోమ్ 3 కోడ్ మీదనే పాత తీరు అమరికతో సినమన్ తయారుచేశారు. ఉబుంటు కూడా 2017లో యూనిటీని వదిలి గ్నోమ్‌కు తిరిగి వచ్చింది.

అంటే ఇన్ని పేర్లు ఉన్నది మనల్ని గందరగోళం చేయడానికి కాదు. ప్రతి పేరు వెనుక "మాకు ఇది నప్పదు, మా తీరు మేం కాపాడుకుంటం" అన్న మనుషులున్నరు. వాగు దాటితే యాస మారుతది, అయినా చుట్టరికం పోదు. ఇదీ అట్లనే.

ఇగ తమ్ముని ల్యాప్‌టాప్ సంగతి. 4 జీబీ ర్యామ్ కాబట్టి లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టినం. ఎక్స్‌ఎఫ్‌సీఈ 1996 నుంచి ఉన్న తేలిక డెస్క్‌టాప్, విండోస్ అలవాటున్నోళ్లకు కొత్తగా అనిపించదు. 8 జీబీ ఉంటే మింట్ సినమన్ హాయిగా నడుస్తది. ఫోన్ లాంటి అమరిక ఇష్టమైతే గ్నోమ్ ఉన్న ఉబుంటు. ప్రతిదీ తన ఇష్టం వచ్చినట్టు మార్చుకోవాలనుకుంటే కేడీఈ ఉన్న కుబుంటు. మొదటిసారికి ఈ నాలుగు చాలు. ముందుగా 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండనే నడిపి చూడండి. వైఫై, సౌండ్, కీబోర్డు, తెలుగు అక్షరాలు సరిగ్గ వస్తున్నయా చూసుకోండి.

రెండు జాగ్రత్తలు. నేను మొదటిసారి వేసినప్పుడు "డిస్క్ మొత్తం తుడిచెయ్" అన్నదాన్ని చదవకుండా నొక్కిన. డిగ్రీ నోట్స్, అవ్వ ఫోటోలు అన్నీ పోయినయి. తప్పు నాదే. నోట్స్ ముందు వేరే చోట దాచిపెట్టండి. రెండోది, నారాయణగూడ దిక్కు డీటీపీ పని చేసుకుంట చదువుకునేటోళ్లు పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం విండోస్ ఉంచుకోండి. కొన్ని ఆన్‌లైన్ పరీక్షల ప్రోగ్రాములు కూడా విండోస్‌లోనే నడుస్తయి. రెండూ పక్కపక్కన పెట్టుకోవచ్చు, నామోషీ ఏం లేదు.

ఇంక ఒక్క మాట, నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది. తెలుగు లిపికి యూనికోడ్‌లో చోటు 1991లోనే దొరికింది, లినక్స్ పుట్టిన ఏడాదే. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండు పెద్దలు దాచిన చేతిరాత ప్రతులను ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చాక, గుంజాల గోండి లిపికి ఆ చోటు 2018లో వచ్చింది. 27 ఏళ్లు ఆలస్యం. 1918లో మున్షీ మంగల్ సింగ్ మసరం రూపొందించిన మసరం గోండికి 2017లో వచ్చింది. ఈ రెండు లిపులకూ నోటో ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి.

ఆ రాత్రి ఫాంట్ వేసినంక, అప్పటిదాకా ఖాళీ డబ్బాలు కనిపించిన చోట గుంజాల అక్షరాలు వచ్చినయి. తమ్ముడు కొద్దిసేపు ఏం మాట్లాడలే. తర్వాత ఫోన్‌ల ఫోటో తీసి ఇంటికి పంపిండు.

లినక్స్ మెనూలు తెలుగులో ఉన్నయంటే ఎవరో కూర్చొని ఒక్కొక్క మాట అనువదించిన్రు కాబట్టే. హైదరాబాద్‌లో స్వేచ్ఛ లాంటి సంస్థలు ఆ పని చేసినయి. గోండి, కోయ, కొలామీ, బంజారా మాటల్లో మెనూ కావాలంటే ఎవరి పర్మిషన్ అక్కర్లేదు, కోడ్ తెరిచే ఉంది. చేసే చేతులు కావాలె, మాట తెలిసిన పెద్దలు పక్కన కూర్చోవాలె.

పాత ల్యాప్‌టాప్ మూలకు పడేసినోళ్లు ఆదివారం పట్టుకొని రండి. పెన్‌డ్రైవ్ నా దగ్గర ఉంది. మీ ఊరి పదాలు పది రాసుకొని రండి, అది మర్చిపోవద్దు.

జోహార్.