కుడివైపు పై మూల

నైరోబిలో తెల్లవారుజామున మూడంటే యోకోహామాలో ఉదయం తొమ్మిది. పాత కార్లు పంపే ఏజెంటు అప్పుడే ఆఫీసుకొస్తాడు. తెనాలి నుంచి వెళ్లి కెన్యాలో అకౌంటెంటుగా స్థిరపడిన ఆయన (పేరెందుకులెండి) ఆ వేళకి లేచి ఫోను పట్టుకుని కూర్చునేవారు.

"ఏమిటండీ ఈ జాగారం? న్గాంగ్ రోడ్డులో బోలెడు కార్లు అమ్మకానికున్నాయిగా," అంది ఇల్లాలు.

"అవీ జపాన్ నుంచి దిగినవే. మధ్యవాడికి లాభం మనమెందుకివ్వాలి?"

అది 2023 అక్టోబరు. ఆయన కన్నేసింది 2016లో రిజిస్టరైన టయోటా ఫీల్డర్ మీద. కెన్యాలో పాత కార్ల దిగుమతికి ఎనిమిదేళ్ల నిబంధన ఉంది, రిజిస్టరైన ఏడాదితో కలిపి. 2016 బండి ఆ డిసెంబరు 31లోగా మొంబాసా రేవులో దిగాలి. జనవరిలో దిగితే వెనక్కే. ఓడ ప్రయాణానికే నెల పట్టొచ్చు. మన దేశంలోనైతే ఇంత ఆశ పడే పని కూడా లేదు, మూడేళ్లు దాటిన పాత కారుని మామూలుగా రానివ్వరు.

ఏజెంటు పంపిన ఫొటోల్లో బండి తళతళలాడుతోంది. "నో యాక్సిడెంట్ సర్!" అన్నాడు. ఈయన డిపాజిట్ కట్టేశారు. ఆక్షన్ షీటు అడిగితే మాత్రం కొన్నాళ్లు నాన్చి పంపాడు.

జపాన్ వేలంలో ప్రతి కారుకీ ఈ కాగితం ఉంటుంది. అందులో కారు పరిస్థితి రాసేది అమ్మేవాడు కాదు, వేలం సంస్థ తనిఖీదారు. అందుకే దానికా విలువ. కారు బొమ్మ మీద అక్కడక్కడా అక్షరాలుంటాయి. ఏ అంటే గీత, యు అంటే సొట్ట, డబ్ల్యు అంటే సొట్ట తీసి సరిచేసిన జాడ, రెండు ఎక్స్‌లుంటే ఆ భాగాన్నే మార్చేశారని. పక్కన అంకె పెరిగేకొద్దీ దెబ్బ పెద్దది. ఈయన కాగితంలో బానెట్ మీద రెండు ఎక్స్‌లున్నాయి. గుండె గుభేలుమంది.

కిరిన్యాగా రోడ్డులో తెలిసిన మెకానిక్ దాన్ని చూసి, "అక్షరాల సంగతి తర్వాత బాస్, కుడివైపు పై మూలేదీ?" అన్నాడు. గ్రేడు వేసేది అక్కడే. ఫొటోలో సరిగ్గా ఆ మూలే లేదు.

ఆ రాత్రి మూడింటికి మెసేజ్ వెళ్లింది.

"పై మూల కూడా పంపండి."

"స్కానింగ్‌లో పోయినట్టుంది సర్."

"మళ్లీ చేయండి."

మెసేజ్ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. తెల్లారాక వచ్చింది పూర్తి షీటు. గ్రేడు గడిలో అంకెకి బదులు 'ఆర్' అని ఉంది. ప్రమాదంలో దెబ్బతిని బాగుచేసిన బండికి వేసే అక్షరమది.

"రిపేర్డ్ వెరీ నైస్లీ సర్," అన్నాడు ఏజెంటు.

డిపాజిట్ అతని చేతిలో ఉంది, తెంచుకుంటే తిరిగొస్తుందన్న నమ్మకం లేదు. అందుకని దాన్ని ఇంకో ఫీల్డర్‌కి మళ్లించమన్నారు. ఇదీ 2016దే. గ్రేడు నాలుగు, ఎడమవైపు వెనక తలుపు మీద ఒక్క డబ్ల్యు. ఏజెంటు మంచి చేసుకుందామనుకున్నాడేమో, ఇన్వాయిస్‌లో ధర తగ్గించి రాస్తానన్నాడు. అకౌంటెంటుకి నవ్వొచ్చింది. కెన్యా రెవెన్యూ అథారిటీ పాత కార్లకి పన్ను లెక్కేసేది తన దగ్గరున్న ధరల పట్టికని బట్టి. మనం ఎంతకు కొన్నామన్నది దానికి పట్టదు. ఆ ఉపకారం ఎవరికి?

ఈసారి షరతులు ఈయనే పెట్టారు. మిగతా సొమ్ము బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడెక్కినట్టు రసీదు) కాపీ చేతికందాకే. డిసెంబరు 31లోగా మొంబాసా చేరకపోతే మొత్తం వాపసు. ఈ రెండు ముక్కలూ ఇన్వాయిస్ మీదే ఉండాలి. ఏజెంటు గొణిగాడు, రాశాడు.

నవంబరులో, ఓడెక్కించే ముందు కావలసిన తనిఖీ సర్టిఫికెట్ వచ్చింది, ఓడ మాత్రం తప్పిపోయింది. "నెక్స్ట్ షిప్ సర్, నో ప్రాబ్లెమ్." ఆ ఓడ చేరేది జనవరిలో! ఈయన తిట్టలేదు, బతిమాలలేదు. ఇన్వాయిస్ మీది ఆ వాక్యాన్ని ఫొటో తీసి పంపారు. మర్నాటికల్లా ఇంకో ఓడలో చోటు దొరికింది. అన్నాళ్లూ ఆ చోటెక్కడుందో ఏజెంటుకే తెలియాలి.

క్రిస్మస్ దాటాక బండి మొంబాసాలో దిగింది. పన్నులు కట్టి విడిపించుకున్నారు. తలుపు మీద ఆ సరిచేసిన జాడ, షీటులో చెప్పిన చోటే. తాళం చెవి మాత్రం ఒక్కటే. రెండోదేదని అడిగితే జవాబు వెంటనే వచ్చింది:

"షీటులో కింద జపనీస్‌లో రాసే ఉంది సర్. మీరు అడగలేదు."