మగ్గాల ఊళ్లో బతుకమ్మ పాట: పదిమంది గొంతు ఒక్కటయ్యేదెలా?

దసరా రోజుల్లో సూరత్‌లో రెండు వలయాలు తిరుగుతుంటాయి. ఒకటి ఊరంతా ఆడే గర్బా. రెండోది లింబాయత్, ఉధ్నా, పర్వత్ పాటియా వైపు తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే వీధుల్లో కనిపించే బతుకమ్మ. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి పవర్‌లూమ్‌ల పని కోసం దశాబ్దాల కిందటే వెళ్లి స్థిరపడిన కుటుంబాలవి. వారిలో పద్మశాలీలే అధికం. గర్బాలో మధ్యన దీపం పెట్టిన చిల్లుల కుండ, బతుకమ్మలో పూల గోపురం. రెండింటి చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు చరుస్తూ తిరుగుతారు. రెండింటిలోనూ ఒకరు పాట మొదలుపెడితే మిగతావారు దాన్ని తిరిగి పలుకుతారు. గుజరాత్ గర్బాకు 2023 డిసెంబరులో యునెస్కో గుర్తింపు వచ్చింది. బతుకమ్మను తెలంగాణ ప్రభుత్వం 2014లో రాష్ట్ర పండుగ చేసింది.

ఆటకూ పూలకూ దక్కినంత శ్రద్ధ పాటకు దక్కలేదు. పదిమంది కలిసి పాడటం తేలిక అనుకుంటాం, గుంపులో గోవిందా అని సామెత కూడా కట్టుకున్నాం. కలిసి పాడటానికి ఒక పద్ధతి ఉంది. అది తెలిస్తే పాట నిలుస్తుంది, గొంతూ నిలుస్తుంది.

ఎత్తుకోవడం, అందుకోవడం

బతుకమ్మ పాటను ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావారు అందుకుంటారు. గుజరాతీలో కూడా గర్బా అందుకోవడాన్ని ‘ఝీల్వుం’ అంటారు. పైనుంచి పడేదాన్ని చేత్తో పట్టుకోవడం అని దాని అర్థం. రెండు భాషలూ ఒకే పోలికను ఎంచుకోవడం ముచ్చటగా ఉంటుంది. బుర్రకథలో ఈ పని వంతలది. ‘వంత పాడటం’ మన వాడుకలో తిట్టు అయిపోయింది గానీ, కథకుడికి ఊపిరి తీసుకునే సమయం ఇచ్చేదీ, తాళం జారకుండా పట్టి ఉంచేదీ వంతే.

పాట ఎత్తుకునే ఆమె పని బరువైనది. చరణాల వరస, కథ, ఏ పాటకు ఏ నడక అన్నవన్నీ ఆమె జ్ఞాపకంలో ఉండాలి. అందుకునేవారికి పల్లవి మాట ఒక్కటి వస్తే చాలు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, గుజరాతీ వింటూ పెరిగే పిల్ల కూడా ‘ఉయ్యాలో’ దగ్గర గొంతు కలపగలదు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. అయినా ఈ పాటలు పిల్లలకు చేరే దారి ప్రధానంగా ఈ వలయమే. అందుకునేవారు ఎందరున్నా ఎత్తుకునేవారు లేకపోతే పాట ఆగిపోతుంది. వలస వెళ్లిన చోట ముందుగా తగ్గేది ఎత్తుకునేవారే.

ఆ మాటలోనూ ఒక సౌకర్యం ఉంది. అది పొడవైన ‘ఓ’తో ముగుస్తుంది. నోరు గుండ్రంగా తెరుచుకుంటుంది, స్వరం నిలుస్తుంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగియడం బృందగానానికి పెద్ద వరం. హల్లు మీద స్వరాన్ని నిలబెట్టడం కష్టం. పైగా పదిమంది ఆ హల్లును పది వేర్వేరు క్షణాల్లో పలికితే చిటపటలు వినిపిస్తాయి.

మార్కులు వేసే పాట

కలిసి పాడటాన్ని ఇంత సూక్ష్మంగా విడదీసి పోటీగా మలిచిన సంప్రదాయాల్లో అమెరికాలోని బార్బర్‌షాప్ గానం ఒకటి. వాద్యాలు ఉండవు. నాలుగు గొంతులు నాలుగు వరసలు పాడతాయి. అసలు వరస ‘లీడ్’ది. దానికి పైన టెనర్, అడుగున బాస్, మధ్యలో ఖాళీని పూరించేది బారిటోన్. నలుగురే పాడితే క్వార్టెట్, పదుల మంది పాడితే కోరస్. పేరు చెప్పినట్టే క్షౌరశాలల్లో కాలక్షేపానికి పాడే పాటలతో దీనికి సంబంధం ఉంది. దీని మూలాలు నల్లజాతివారి పాటల్లో ఉన్నాయని లిన్ అబ్బాట్ అనే పరిశోధకుడు 1992లో ఆధారాలతో చూపారు. 1938 ఏప్రిల్ 11న ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో ఓ.సి. క్యాష్, రూపర్ట్ హాల్ పిలుపుతో కొందరు ఒక భవనం పైకప్పు మీద చేరి పాడారు. ఇప్పటి బార్బర్‌షాప్ హార్మొనీ సొసైటీకి అదే మొదలు. ఆ సొసైటీ 1963 దాకా నల్లజాతివారిని సభ్యులుగా చేర్చుకోలేదు. ఎవరి పాటతో మొదలైందో వారికే తలుపు మూసిన చరిత్ర అది. మహిళలు 1945లోనే టల్సాలో స్వీట్ అడెలైన్స్ పేరుతో వేరే సంఘం పెట్టుకున్నారు. సొసైటీ సభ్యత్వం మహిళలకు 2018లో తెరుచుకుంది.

వారి పోటీలో ఒక్కో బృందం రెండు పాటలు పాడుతుంది. సంగీతం, ప్రదర్శన, గానం అనే మూడు విభాగాలకు వేర్వేరు న్యాయనిర్ణేతలు ఉంటారు. ఒక్కొక్కరు పాటకు 100 మార్కుల లెక్కన వేస్తారు. గానం విభాగంలో చూసేవి శ్రుతి కలిసిందా, అచ్చులు ఒక్కలాగే పలికాయా, ఊపిరి తెగిందా, బృందం ఒకే గొంతులా వినిపించిందా అన్నవి.

వారు మెచ్చుకునే శబ్దానికి ‘రింగ్’ అని పేరు. నాలుగు స్వరాల కంపనాలు 4:5:6:7 నిష్పత్తిలో కుదిరితే, ఎవరూ పాడని అయిదో గొంతు పైన మోగుతున్నట్టు అనిపిస్తుంది. తంబురా బాగా శ్రుతి అయినప్పుడు తీగ మీటని స్వరం వినపడటం మన సంగీతం వినేవారికి తెలిసిందే. కారణం ఒకటే, అనుస్వరాలు ఒకదానితో ఒకటి కలిసిపోవడం. ఆ నిష్పత్తిలోని ఏడో స్వరం హార్మోనియం మెట్టు కంటే కొద్దిగా తగ్గి ఉంటుంది. తేడా అర్ధస్వరంలో దాదాపు మూడో వంతు. అది మెట్టు చూసి కుదిరేది కాదు. పక్కవారి గొంతు వింటూ చెవితో సరిచేసుకోవాలి.

బతుకమ్మకు నాలుగు వరసలు లేవు, అక్కర్లేదు కూడా. అందరూ ఒకే వరస పాడతారు. అయితే చెవి పని మాత్రం రెండు చోట్లా ఒకటే.

గొంతు ఎలా వాడాలి

మొదటి చిక్కు శ్రుతి దగ్గరే వస్తుంది. ఎత్తుకునే ఆమె తన గొంతుకు అనువైన చోట మొదలుపెడుతుంది. ఆమెది సన్నగొంతు అయితే మిగతా సగం మంది మెడ నరాలు పొంగేలా అరవాల్సి వస్తుంది. బతుకమ్మ పాటలు చాలావరకు అయిదారు స్వరాల పరిధిలోనే తిరుగుతాయి కాబట్టి పరిష్కారం సులువు. ఇంకాస్త కింద ఎత్తుకుంటే అందరికీ అందుతుంది. బార్బర్‌షాప్ బృందాలు పాటకు ముందు చిన్న పిచ్‌పైపు ఊది స్వరం పట్టుకుంటాయి. మనకు ఫోన్‌లో శ్రుతిపెట్టె ఉంది. వాయించి ఆపేస్తే చాలు.

రెండోది ఊపిరి. వంగి చప్పట్లు కొట్టేటప్పుడు పొట్ట నొక్కుకుపోతుంది, అప్పుడే గాలి లాగాలంటే కుదరదు. లేచేటప్పుడు పొట్ట వదులు చేస్తే గాలి దానంతట అదే లోపలికి వస్తుంది. భుజాలు ఎగరేసి పీల్చే ఊపిరి పైపైనే ఉండిపోతుంది, మెడ కండరాలూ బిగుస్తాయి. కోరస్‌లలో ఇంకో చిట్కా ఉంది. అందరూ ఒకేచోట ఊపిరి తీసుకోరు. పక్కామె ఆగినప్పుడు ఈమె పాడుతుంది, ఈమె ఆగినప్పుడు ఆమె. వినేవారికి పాట ఎక్కడా తెగదు.

మూడోది అచ్చుల పొందిక. ఒకే ‘ఓ’ను ఒకరు పెదాలు చాచి, ఒకరు ముడిచి పలికితే స్వరం ఒకటే అయినా వేర్వేరుగా వినిపిస్తుంది. ఇంగ్లిష్‌లో చాలా అచ్చులు మధ్యలో జారి మరో అచ్చుగా మారతాయి కాబట్టి అక్కడి కోరస్‌లు సాధనలో చాలా సమయం ఈ పనికే వెచ్చిస్తాయి. తెలుగులో ఆ బాధ ఐ, ఔల దగ్గరే ఎక్కువ.

ఇక ఇంటి వైద్యాలు. మిరియాల పాలు, కరక్కాయ ఉపశమనం ఇవ్వవచ్చు గానీ మింగినదేదీ స్వరతంత్రుల మీదుగా పోదు, అన్నవాహికలోకి పోతుంది. అందుకే పండుగ రోజంతా కొద్దికొద్దిగా నీళ్లు తాగడం మేలు, పాటకు ముందు ఒక్కసారిగా గ్లాసెడు తాగితే లాభం లేదు. గొంతు బొంగురుపోతే గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, మౌనమే విశ్రాంతి. బొంగురు మూడు వారాలు దాటితే చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించుకోవాలి.

చెవికి అడ్డం పడేవి

చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రాన్స్ వైద్యుడు ఎటియెన్ లొంబార్డ్ 1911లో ఈ విషయాన్ని వివరించారు, ఆయన పేరే దీనికి స్థిరపడింది. గుంపులో పాడేటప్పుడు జరిగేదీ ఇదే. నా గొంతు నాకు వినపడలేదని ఒకరు పెంచితే, పక్కవారు ఇంకా పెంచుతారు. స్వీడన్ పరిశోధకుడు స్టెన్ టెర్న్‌స్ట్రోమ్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో, మిగతావారి గొంతుల కంటే తమ గొంతు సగటున 6 డెసిబెల్స్ ఎక్కువగా వినపడాలని కోరస్ గాయకులు కోరుకున్నట్టు తేలింది. అందుకే భుజం భుజం తగిలేలా నిలబడితే అరుపులు పెరుగుతాయి, మధ్యన జానెడు ఎడం ఉంటే తగ్గుతాయి.

సూరత్‌లో దీనికి మగ్గం తోడవుతుంది. షటిల్ మగ్గాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్స్ దాటడం మామూలే. మన దేశ కర్మాగారాల నిబంధనల్లో 8 గంటల పనికి ఉన్న గరిష్ఠ పరిమితి అదే. సూరత్ మగ్గాల మీద మాత్రం 12 గంటల షిఫ్టులు నడుస్తాయి. హోరు వల్ల వచ్చే చెవుడు ముందుగా 4 వేల హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. అంటే పక్కవారు పాడుతున్నట్టు తెలుస్తుంది గానీ సకార, తకారాల అంచులు మాసిపోతాయి. మగ్గం నడిపేది ఎక్కువగా మగవాళ్లు కాబట్టి దెబ్బ ముందు తగిలేది వారి భజన పాటకు. ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడే అలవాటు కూడా అక్కడినుంచే వస్తుంది. చెవిలో పెట్టుకునే రబ్బరు బిరడా ఖరీదు కొద్ది రూపాయలే.

ఆడవాళ్ల పాటకు ఎదురైంది డీజే. తెలంగాణ ఊళ్లలోనూ, బయటా రికార్డు పెట్టి ఆడటం మామూలైపోయింది. ఆటకు ఊపు వస్తుందన్నది నిజమే. కానీ రికార్డుకు ఊపిరి అక్కర్లేదు, పాట ఎత్తుకునే ఆమె కోసం అది ఆగదు. దాని శ్రుతి సినిమా గాయనిది, వీధిలోని ఆడవాళ్లది కాదు. పాడితే వినపడదు కాబట్టి పాడటం మానేస్తారు. చట్టం దీనికి కొంతవరకే హద్దు పెట్టింది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ మోగకూడదు. పండుగలకు ఏడాదికి గరిష్ఠంగా 15 రోజులు అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్రాలకు ఉంది. నవరాత్రికి గుజరాత్ దాన్ని వాడుకుంటుంది.

బహుమతి దేనికి?

బతుకమ్మ పోటీ అంటే సాధారణంగా పేర్పుకు బహుమతి. ఎవరిది ఎత్తు, ఎవరిది అందం అని చూస్తారు. పెద్ద ఎత్తున జరిపితే తలలు లెక్కపెడతారు. 2016 అక్టోబరులో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 9 వేలమందికి పైగా మహిళలు ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. ఎవరు ఎన్ని పాటలు ఎత్తుకున్నారన్నది ఆ లెక్కలోకి రాదు. మార్కులు దేనికి వేస్తే జనం దాన్నే సాధన చేస్తారు. రికార్డు లేకుండా పాడటం, చరణాలు తడబడకుండా నడపడం, వంత ఒక్క గొంతుగా వినిపించడం, పదిహేనేళ్లలోపు పిల్ల ఒక పాట ఎత్తుకోవడం వంటి వాటికి నాలుగు మార్కులు కేటాయించడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

వలయం సైజు కూడా ముఖ్యమే. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. 20 మీటర్ల వెడల్పు వలయంలో ఎదుటి అంచు చప్పట్లు చేరడానికి సెకనులో 17వ వంతు పడుతుంది. చెవి ఆ తేడాను పట్టేస్తుంది, తాళం సాగుతుంది, ఎవరో ఒకరు మైకు తెమ్మంటారు. అదే వందమందిని నాలుగు వలయాలుగా విడదీస్తే మైకు అవసరం ఉండదు. అప్పుడు పాట ఎత్తుకోవడానికి ఒకరు చాలరు, నలుగురు కావాలి.