వ్యాపారి అంటే ఎవరు? – హమ్‌దర్ద్ చెప్పే పాఠం

రంజాన్‌లో ఇఫ్తార్ వేళకు మన ఇళ్లలో ఖర్జూరాల పక్కన ఎర్రటి షర్బత్ ఉండాల్సిందే. ఆ రూహ్ అఫ్జా సీసా వెనక ఒక కుటుంబ చరిత్ర ఉంది. సొంత వ్యాపారం పెట్టాలనుకునే మన యువకులు, వారికి సలహాలిచ్చే మన పెద్దలు తెలుసుకోదగ్గ చరిత్ర అది.

1906లో ఢిల్లీలోని హౌజ్ ఖాజీలో హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ గారు చిన్న యునానీ మందుల దుకాణం తెరిచారు. దానికి హమ్‌దర్ద్ అని పేరు పెట్టారు. అంటే ఎదుటివాడి బాధలో పాలుపంచుకునేవాడని అర్థం. ఆ తొలి రోజుల్లోనే, ఎండ తాపానికి ఉపశమనంగా ఆయన తయారుచేసినది రూహ్ అఫ్జా.

1922లో ఆయన కన్నుమూశారు. పెద్దకొడుకు అబ్దుల్ హమీద్‌కు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. చిన్నవాడు మహమ్మద్ సయీద్ ఇంకా పసివాడు. దుకాణం మూతపడుతుందని ఎవరైనా అనుకునేవారే. కాని భార్య రాబియా బేగం గారు ఆ భారం తన భుజాన వేసుకొని, పిల్లలు చేతికొచ్చేదాకా నిలబెట్టారు. ఇందులో వింతేముంది? హజ్రత్ ఖదీజా (రజి) గారు మక్కాలో పేరున్న వర్తకురాలు కాదా?

1947లో దేశం రెండైంది, ఇల్లూ రెండైంది. సయీద్ గారు 1948లో కరాచీ వెళ్లి అక్కడ వేరే హమ్‌దర్ద్ పెట్టుకున్నారు. అన్న అబ్దుల్ హమీద్ గారు ఢిల్లీ విడిచిపెట్టలేదు. అదే 1948లో ఆయన తన సంస్థను వక్ఫ్ చేశారు. వక్ఫ్ చేసిన ఆస్తి మళ్లీ సొంతానికి రాదని మనకు తెలిసిందే. చుట్టూ ఊరు చెదిరిపోతున్న రోజుల్లో, ఉన్నది దాచుకోవాలనిపించే వేళ, ఆయన చేసిన పని అది! ఆ రాబడితోనే వైద్య, విద్యా సంస్థలు వెలిశాయి. 1989లో జామియా హమ్‌దర్ద్‌కు విశ్వవిద్యాలయ హోదా లభించింది. 1999లో ఆయన పరమపదించారు.

మరి వ్యాపారి అంటే ఎవరు? పెట్టుబడి ఉన్నవాడా? లాభం చూసినవాడా? అవి చాలామందికి ఉంటాయి. జనానికి ఏం కావాలో కనిపెట్టినవాడు, కష్టకాలంలో తలుపు మూయనివాడు, వచ్చిన లాభంలో పరాయివాడికీ పాలు ఉందని తలచినవాడు అసలైన వ్యాపారి అని మేమనుకుంటున్నాం.

ఒక మాట నిష్ఠూరమైనా చెప్పుకోవాలి. మనలో ఎవరింట్లోనైనా మగదిక్కు పోతే, "దుకాణం అమ్మేయమ్మా, నీవల్ల ఏమవుతుంది?" అని మొదట అనేది మనమే. రాబియా బేగం గారితో కూడా ఎవరో ఒకరు ఆ మాట అనే ఉంటారు. ఆమె విని ఉంటే ఈ చరిత్రే లేదు. ఇకమీదట అలాంటి ఇంటికి వెళ్లినప్పుడు, "అమ్మా, లెక్కలు మేం చూసిపెడతాం, దుకాణం నువ్వు నడుపు" అందాం. సంఘం ఉన్నది అందుకే కదా!